జీతమా, బత్తెమా?

సర్కారు కూలి: ఏడో భాగం

గత భాగంలో ధాత కరువు దగ్గర ఆగాం. 1877లో బళ్లారి, కర్నూలు, కడప జిల్లాల కరువు పనుల్లో కంకర కొట్టే మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిగా చిల్లర చాలని, కరువు చూడమని సర్కారు పంపిన సర్ రిచర్డ్ టెంపుల్ తేల్చాడు. ఆ తిండితో పని మాట అటుంచి ప్రాణమే నిలవదని మద్రాసు శానిటరీ కమిషనర్ డాక్టర్ కార్నిష్ కాగితాల మీద కాగితాలు రాసి పోట్లాడాడు. బతికి ఉంటే చాలు, అంతకు మించి ఇస్తే అక్కర లేనివాళ్లూ ఎగబడతారన్నది టెంపుల్ లెక్క. ఇంతకీ చెమటోడ్చినవాడికి సర్కారు ఇచ్చేది కూలా, ధర్మమా? ఆ ముడి విప్పకుండానే పోయిన వారం సెలవు తీసుకున్నాం.

ఈసారి వానలు ముఖం చాటేసిన చోటికి కాదు, గిడ్డంగుల్లో గోధుమలు మూలుగుతుండగా జనం రొట్టె కోసం బారులు తీరిన చోటికి వెళ్దాం. అమెరికా, 1933 మార్చి.

పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. బ్యాంకులు వరసగా మూతపడుతున్నాయి. అందరికంటే దెబ్బ తిన్నది కుర్రకారు. ఉన్న కాసిని పనులూ పిల్లలు గల తండ్రులకే దక్కుతుంటే, పద్దెనిమిదేళ్లవాణ్ణి పిలిచి పని ఇచ్చేదెవరు? ఇంట్లో తినే నోరు ఒకటి తగ్గుతుందని చెప్పాపెట్టకుండా గూడ్సు బళ్లెక్కి వెళ్లిపోయిన కుర్రాళ్లు లక్షల్లో ఉన్నారు. ఊరి చివర రైలు కట్ట పక్కన మంట వేసుకుని, డబ్బాల్లో ఏదో ఉడకేసుకుని, పోలీసు తరిమితే మరో బండి ఎక్కేవారు.

నేల పరిస్థితి కూడా అంతే. కలప వ్యాపారులు నున్నగా నరికి వదిలేసిన కొండలు మోడులతో నిలబడ్డాయి. చెట్టు లేని వాలు మీద వాన పడితే పైమట్టి కొట్టుకుపోతోంది. మధ్య మైదానాల్లో దున్నిన భూమి గాలికి లేచిపోవడం మొదలైంది.

పని లేని చేతుల్ని దిక్కులేని నేల మీదికి పంపాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. కానీ ఆ మార్చి 4న అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్‌కు చెట్ల పిచ్చి ఉంది. హడ్సన్ నది ఒడ్డున తన సొంత ఎస్టేటులో వేల మొక్కలు నాటించిన మనిషి. వృత్తి ఏమిటని అడిగితే చెట్ల పెంపకందారునని చెప్పుకునేవాడు. న్యూయార్క్ గవర్నరుగా ఉన్నప్పుడే పని లేనివాళ్లను అడవి పనుల్లో పెట్టి చూశాడు. గద్దెనెక్కిన పదిహేడో రోజున, అంటే మార్చి 21న, కాంగ్రెసుకు సందేశం పంపాడు: పని లేని యువకులను అడవులకు పంపుదాం, ఎండాకాలం మొదట్లోనే రెండున్నర లక్షల మందికి పని చూపించవచ్చు. పథకం పేరు సివిలియన్ కన్సర్వేషన్ కోర్. జనం నోట్లో సీసీసీ అయింది.

తిండి, బట్ట, వైద్యం, పడుకోవడానికి మంచం సర్కారువే. చేతికి ఎంత? ముసాయిదా బిల్లులో ఉన్న అంకె నెలకు 30 డాలర్లు. రోజుకో డాలరు. రగడంతా ఆ డాలరు చుట్టూనే లేచింది.

విలియం గ్రీన్ అమెరికన్ ఫెడరేషన్ ఆఫ్ లేబర్ అధ్యక్షుడు. ఒహాయోలో బొగ్గు గని కార్మికుడిగా మొదలైనవాడు. గట్టిగా మాట్లాడే రకం కాదు, సంప్రదాయ సంఘ నాయకుడు. అలాంటివాడు ఆ వారం కాంగ్రెసు కమిటీ ముందు కూర్చుని, ఈ పథకంలో ఫాసిజం వాసన వస్తోందని, హిట్లరిజం వాసన, సోవియట్ పద్ధతి వాసన కూడా వస్తోందని దులిపేశాడు. మూడింటినీ ఒకే మూటలో కట్టడం ఈనాటి పాఠకుడికి వింతగా తోచవచ్చు. కానీ తేదీలు చూడండి. సరిగ్గా అదే వారం, మార్చి 23న, బెర్లిన్ పార్లమెంటు హిట్లర్ చేతికి సర్వాధికారాలు అప్పగించింది. యువకులను శిబిరాల్లోకి చేర్చి పార పట్టించడం అక్కడ అప్పటికే ఉంది. గ్రీన్ భయం గాలిలోంచి పుట్టింది కాదు.

అయితే ఆయన అసలు బాధ వేరే. సంఘాలు అరవై ఏళ్లు కొట్లాడి పెంచుకున్న కూలి రేట్లు మాంద్యంలో ఒక్కొక్కటే కూలుతున్నాయి. ఇలాంటప్పుడు దేశంలోకెల్లా పెద్ద యజమాని, అంటే సర్కారు, రోజుకు డాలరే అని ప్రకటిస్తే మిగతా యజమానులు ఊరుకుంటారా? 'సర్కారే డాలరిస్తోంది, నీకు నేనెందుకు రెండియ్యాలి?' అనరా? మన పక్క కూడా కోతల కాలంలో ఒక పెద్ద రైతు కూలి తగ్గిస్తే సాయంత్రానికల్లా ఊరంతా అదే రేటు అయ్యేది. గ్రీన్ భయపడింది సరిగ్గా దానికే.

జవాబు చెప్పే పని కార్మిక మంత్రి ఫ్రాన్సెస్ పెర్కిన్స్ మీద పడింది. అమెరికా మంత్రివర్గంలో చోటు దొరికిన తొలి మహిళ ఆమె. కుర్చీ ఎక్కి మూడు వారాలు కాలేదు. ఆమె వాదన సూటిగానే ఉంది: ఇది ఉద్యోగం కాదు, సహాయం. సంసారాలున్నవాళ్లను పిలవడం లేదు, ఎవరి ఉద్యోగాన్నీ లాగడం లేదు. కాబట్టి దీన్ని కూలి రేటుతో పోల్చకండి.

టెంపుల్ దొర మాట గుర్తొచ్చిందా? నాకైతే గుర్తొచ్చింది. పెర్కిన్స్ మనసు టెంపుల్ మనసు కాదు. కార్మికుల కోసం జీవితమంతా పనిచేసిన మనిషి ఆమె. కానీ ఇద్దరూ దూరిన సందు ఒక్కటే. పని చేయించుకుని దాన్ని పని అనకపోవడం.

చివరికి ఏం జరిగిందంటే, బిల్లులోంచి 30 డాలర్ల అంకె ఎత్తేశారు. వివరాలన్నీ అధ్యక్షుడి ఇష్టానికి వదిలేశారు. మార్చి 31న రూజ్వెల్ట్ సంతకం పెట్టిన చట్టంలో చేరినవాళ్లకు వసతి, తిండి, బట్టలు, వైద్యం, దాంతో పాటు కొంత 'నగదు భత్యం' ఇవ్వవచ్చని ఉంది. కూలి అనలేదు, భత్యం అన్నారు. మన భాషలో జీతబత్తేలని జంటగా అనేస్తాం గానీ రెంటి మధ్యా ఎంత దూరముందో ఆ మాట చదివితే తెలుస్తుంది. జీతం పనికి ఇచ్చేది, దాన్ని బేరమాడవచ్చు. బత్తెం మనిషి నిలబడి ఉండటానికి ఇచ్చేది, ఇచ్చేవాడు ఎంతంటే అంత. ఆ తర్వాత ఉత్తర్వుల్లో భత్యం ఎంతని తేలింది? నెలకు 30 డాలర్లే. సభలో ఓడిన అంకె దొడ్డిదారిన లోపలికొచ్చి కూర్చుంది.

రూజ్వెల్ట్ రాజకీయం ఇక్కడే చూడాలి. ఏప్రిల్ 5న పథకానికి డైరెక్టరుగా నియమించింది ఒక అటవీ శాస్త్రవేత్తనో సైనికాధికారినో కాదు, రాబర్ట్ ఫెక్నర్‌ను. మెషినిస్టుల సంఘం ఉపాధ్యక్షుడు. చిన్నప్పుడే రైల్వే షెడ్డులో అప్రెంటిసుగా చేరి, చేతికి గ్రీజు అంటించుకుని పైకొచ్చినవాడు. సంఘాల మనిషినే తెచ్చి ఆ డాలరుకు కాపలా పెడితే సంఘాలు ఎవరిని తిడతాయి? గ్రీన్ స్వరం కొద్ది నెలల్లోనే మెత్తబడింది.

విచిత్రమేమిటంటే, గ్రీన్ దృష్టిలో బొత్తిగా చాలని ఆ 30 డాలర్లు మరో వర్గానికి కంటగింపుగా కనిపించాయి. సైన్యానికి. శిబిరాలు నడిపే బాధ్యత సైన్యం నెత్తిన పడింది. అప్పటి అమెరికా సిపాయి జీతం నెలకు 21 డాలర్లు. అదే వసంతంలో పొదుపు చట్టం పేరుతో అందులోనూ 15 శాతం కోత వేశారు. మిగిలింది 17 డాలర్ల 85 సెంట్లు. తుపాకీ పట్టి ఏళ్ల తరబడి కవాతు చేసిన సిపాయి, నిన్నగాక మొన్న రైలు దిగిన కుర్రాడికి గుడారం వేసి, వంట చేసిపెట్టి, నెలాఖరుకు తనకంటే పన్నెండు డాలర్లు ఎక్కువ అందుకోవడం చూడాలి! బ్యారకుల్లో ఎలాంటి మాటలు దొర్లి ఉంటాయో ఊహించుకోండి.

మాజీ సైనికుల కథ ఇంకొకటి. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన ప్రతి రోజుకూ ఒక డాలరు, సముద్రం దాటి ఉంటే డాలరుంపావు చొప్పున బోనసు ఇస్తామని, 1945లో చెల్లిస్తామని సర్కారు వాళ్లకు పత్రాలిచ్చింది. ఆకలి అన్నేళ్లు ఆగుతుందా? ఆ సొమ్ము ఇప్పుడే ఇవ్వమని 1932లో వేలమంది వాషింగ్టన్‌లో గుడిసెలు వేసుకుంటే, సైన్యాధిపతి మెకార్థర్ సేనలు జూలైలో వాటిని తగలబెట్టి తరిమాయి. మరుసటి ఏడాది అదే మెకార్థర్ కింద పనిచేసే సైన్యమే సీసీసీ శిబిరాలకు పెద్దదిక్కు. 1933 మే నెలలో సైనికులు మళ్లీ రాజధానికి వచ్చారు. ఈసారి రూజ్వెల్ట్ వాళ్లకు భోజనం పెట్టించాడు. ఆయన భార్య ఎలినార్ బురదలో నడిచి వెళ్లి పలకరించింది. బోనసు మాత్రం ఇవ్వలేదు. పెళ్లి, వయసు నిబంధనలు సడలించి 25,000 మంది మాజీ సైనికులకు సీసీసీలో చోటిస్తామన్నారు. రోజుకు డాలరా, అని మొదట ఈసడించుకున్నవాళ్లలోనే చాలామంది చివరికి సంతకం పెట్టారు. ఇంటికి ఒట్టి చేతులతో వెళ్లడం కంటే నయం కదా.

ఒక చిన్న పిట్టకథ. ఆ వేసవిలోనే రూజ్వెల్ట్ ఆంతరంగికుడు లూయీ హౌ ఒప్పించడంతో ఒక కంపెనీ దగ్గర రెండు లక్షల సబ్బు, బ్రష్షు, దువ్వెన సంచులు కొన్నారు. ఒక్కోటి ఒక డాలరు 40 సెంట్లు. సైన్యం తనంతట తాను కొని ఉంటే ఇంకా చవగ్గా వచ్చేవని సెనెట్ విచారణ జరిపి నానా హంగామా చేసింది. కుర్రాడి రోజు కూలి కంటే వాడి పళ్ల బ్రష్షు సంచి ఖరీదు ఎక్కువ!

సరే, శిబిరంలోకి వెళ్దాం.

మొదటిది ఏప్రిల్ 17న వర్జీనియాలో, లూరే ఊరి దగ్గరి అడవిలో తెరిచారు. జూలై వచ్చేసరికి దేశమంతటా రెండున్నర లక్షలు దాటారు. అంత వేగంగా అంతమందిని సైన్యం యుద్ధంలో కూడా కదిలించలేదని అధికారులే గొప్పగా చెప్పుకున్నారు. చేరాలంటే వయసు 18 నుంచి 25, పెళ్లి కాకూడదు, ఇంటివాళ్లు సర్కారు సహాయం మీద బతుకుతూ ఉండాలి. ఆరు నెలల ఒప్పందం. ఒక్కో శిబిరంలో సుమారు రెండు వందల మంది. పాత యుద్ధం నాటి మిగులు యూనిఫారాలు పంచారు. పొట్టివాడికి పొడుగు లాగు, పొడుగువాడికి పొట్టి లాగు.

పొద్దున ఆరింటికి బూర. మంచం దుప్పటి ముడత లేకుండా పరవాలి. ఫలహారానికి గుడ్లు, రొట్టె, కాఫీ. మొదటి వారం ఆ బల్లల దగ్గర మాటల చప్పుడుండేది కాదట, కంచాల చప్పుడే. కొన్ని నెలల్లోనే సగటున ఐదు కిలోల దాకా బరువు పెరిగారని సీసీసీ గర్వంగా ప్రకటించుకుంది. ఆ లెక్క వాళ్ల కండ గురించి కంటే, వాళ్లు వచ్చినప్పటి ఎముకల గురించే ఎక్కువ చెబుతుంది.

ఎనిమిదింటికి లారీలు ఎక్కేవారు. అడవి పని అంటే మొక్కలు నాటడం ఒక్కటే అనుకోకండి. తెల్ల పైన్ చెట్లను చంపే ఒక తెగులు ఉండేది. ఆ బూజు సగం బతుకు గూస్‌బెర్రీ జాతి పొదల మీద గడుపుతుంది. పొద లేకపోతే చెట్టుకు తెగులు రాదు. అందుకని కుర్రాళ్లు చేతికి చెయ్యి అందేంత దూరంలో వరసగా నిలబడి, పురికొస హద్దుగా పెట్టుకుని, కొండ వాలంతా దువ్వెనతో దువ్వినట్టు ఎక్కుతూ కనబడిన ప్రతి పొదనూ వేళ్లతో సహా పీకేవారు. వేరు ముక్క మిగిలితే మళ్లీ మొలుస్తుంది. ముళ్లు, దోమలు, ఎండ. సాయంత్రానికి కొండ మునుపటిలాగే కనిపించేది. మొక్క నాటినవాడికి కనీసం మొక్క కనిపిస్తుంది. వీళ్లు చేసిన పనికి గుర్తు ఏదీ లేదు, ముప్పై ఏళ్ల తర్వాత చావకుండా నిలబడ్డ చెట్టు తప్ప.

ఇక జీతం రోజు. అంటే బత్తెం రోజు. మెస్ హాల్లో బల్ల వేసి అధికారి కూర్చునేవాడు. పేరు పిలవగానే కుర్రాడు ముందుకొచ్చి పట్టీలో సంతకం పెట్టాలి. నెలంతా చేసినదానికి చేతిలో పడేది 5 డాలర్లు. మిగతా 25 వాడు కంటితో చూడడు, నేరుగా ఇంటికి చెక్కు వెళుతుంది. ఆ ఐదు కూడా ఎక్కువ దూరం ప్రయాణించేవి కావు. పక్క బల్ల దగ్గర క్యాంటీను ఖాతావాడు కాచుకుని ఉంటాడు: సిగరెట్లు, చాక్లెట్లు, బ్లేడ్లు, కిందటి శనివారం టౌనుకు వెళ్లే ముందు తీసుకున్న అప్పు. అది దాటితే పేకాట బల్ల. నెల మొదటి రాత్రికే జేబు ఖాళీ చేసుకున్న మహానుభావులకు ఏ శిబిరంలోనూ కొదవ లేదు.

ఈ 25 డాలర్ల దగ్గర కాసేపు ఆగాలి. మన పల్లెల్లో పాలేరు జీతం ఎలా కుదిరేదో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పని చేసేది కుర్రాడు, బేరమాడేది తండ్రి, ముందుగా పుచ్చుకునేదీ తండ్రే. కుర్రాడికి దక్కేది రెండు పూటల తిండి, ఏడాదికో జత బట్టలు. అమెరికా సర్కారు చేసింది కూడా ఇంచుమించు ఇదే. దాన్ని దోపిడీ అని కొట్టిపారేయలేం. ఆ రోజుల్లో రొట్టె 7 సెంట్లు. 25 డాలర్లంటే ఇంటిల్లిపాదికీ నెల తిండి, మూసేసిన పచారీ కొట్టు ఖాతా మళ్లీ తెరిపించే సొమ్ము. పథకం సాగినంతకాలంలో ఇలా ఇళ్లకు వెళ్లిన మొత్తం 60 కోట్ల డాలర్లు దాటింది. అన్నాళ్లూ గూడ్సు బండెక్కి ఇంటికి భారం తగ్గించిన కొడుకు, ఇప్పుడు వందల మైళ్ల దూరంలో ఉండి అమ్మ చేతిలో చెక్కు పెట్టాడు. ఆ కుర్రాళ్లలో ఎందరో ముసలితనంలో కూడా ముందు గుర్తుచేసుకున్నది చెట్లను కాదు, ఆ చెక్కును.

అయినా లెక్క లెక్కే. వారానికి 40 గంటల పని. నెల మొత్తం మీద పంచితే గంటకు 17 సెంట్ల చిల్లర. 1938లో ఇదే రూజ్వెల్ట్ దేశానికి తొలి కనీస వేతన చట్టం తెచ్చినప్పుడు గంటకు 25 సెంట్ల కంటే తక్కువ ఇవ్వడం నేరమన్నారు. తిండీ బట్టా కలుపుకుంటే సీసీసీ కుర్రాడిది అంతకంటే ఎక్కువే అవుతుందని అధికారులు వాదించవచ్చు. నిజమే, ఒక్కో కుర్రాడి మీద సర్కారుకు అయ్యే ఖర్చు ఏడాదికి సుమారు 1,000 డాలర్లు. అందులో వాడి పేరున నగదుగా వెళ్లింది 360. మిగతాది బియ్యం, బూట్లు, లారీలు, అధికారుల జీతాలు. ఖరీదైన పథకమే. కానీ పనివాడి చేతికొచ్చేసరికి చవకైంది.

అందరికీ ఒకే డాలరా? కాగితం మీద అవును. బిల్లు సభలో ఉండగానే, అప్పటి కాంగ్రెసులో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి సభ్యుడు ఆస్కార్ డి ప్రీస్ట్ ఒక సవరణ చేర్పించాడు: జాతి, రంగు, మతం చూసి వివక్ష చూపరాదు. ఆ వాక్యం లేకపోతే ఏమయ్యేదో గానీ, అది ఉండగానే జార్జియాలో నల్లవాళ్లను చేర్చుకోమని మొండికేశారు. రాష్ట్రం కోటా ఆపేస్తామని వాషింగ్టన్ బెదిరిస్తే తప్ప దిగిరాలేదు. 1935లో ఫెక్నరే తెల్లవాళ్లకు, నల్లవాళ్లకు విడివిడి శిబిరాలని ఖరారు చేశాడు. ఇక్కడ సూక్ష్మం చూడాలి. మామూలు కుర్రాడికి 30 డాలర్లు, సహాయ నాయకుడికి 36, నాయకుడికి 45. 30 అందరికీ సమానమే. 45 దగ్గరికొచ్చేసరికి మెట్లు ఎవరికి వేశారు, ఎవరికి తీసేశారు అన్నదే ప్రశ్న. నల్లవాళ్ల శిబిరాల్లో కూడా పైపదవులు చాలావరకు తెల్లవాళ్ల చేతిలోనే ఉండిపోయాయి. సంఘాల బిడ్డ ఫెక్నర్‌కు ఇది తప్పుగా తోచకపోవడం ఆయన చరిత్రలో మాసిపోని మరక.

ఆడపిల్లలకు ఆ డాలరు కూడా లేదు. ఎలినార్ రూజ్వెల్ట్ పట్టుబట్టి న్యూయార్క్‌లోని బేర్ మౌంటెన్ దగ్గర ఒక శిబిరం తెరిపించింది, తర్వాత మరికొన్ని వచ్చాయి. పత్రికలవాళ్లు షీ-షీ-షీ అని వెటకారం చేశారు. 1937లో మూసేసేదాకా వాటిలో గడిపినవాళ్లు మొత్తం 8,500 మంది. అబ్బాయిలు లక్షల్లో అడవులకు వెళ్లి సంపాదిస్తుంటే వీళ్లకు దక్కింది విశ్రాంతి, కొంత చదువు, చేతిఖర్చుకు చిల్లర. ఆడపిల్ల చెట్టు నాటితే చూడ్డానికి బాగుండదనుకున్నారు కాబోలు. అప్పుడే మన రోడ్డు పనుల్లో, చెరువు పనుల్లో సగం మట్టి తట్టలు ఆడవాళ్ల నెత్తి మీదే నడిచేవి.

చుట్టుపక్కల ఊళ్ల సంగతి. పట్నం పోకిరీలు రెండు వందల మంది మా ఊరి పక్కన దిగుతున్నారా అని మొదట భయపడ్డారు. అడవి పని మాది, గొడ్డలి పట్టడం రానివాళ్లకిస్తారా అని స్థానికులు ఆగ్రహించారు. అందుకే పనితెలిసిన స్థానికులను కొంతమందిని మేస్త్రీల్లా చేర్చుకున్నారు. తర్వాత శనివారం సాయంత్రాలు లారీ నిండా కుర్రాళ్లు సినిమాకూ డాన్సుకూ దిగి, జేబులో మిగిలిన డాలరు అక్కడే వదిలి వెళ్తుంటే, శిబిరానికి కూరగాయలూ పాలూ తమ దగ్గరే కొంటుంటే, గొణుగుడు తగ్గింది. 1936లో, ఎన్నికల ఏడాదిలో, ఖర్చు తగ్గించడానికి కొన్ని శిబిరాలు మూసేద్దామని రూజ్వెల్టే అనేసరికి ఆయన పార్టీ సభ్యులే ఎదురు తిరిగారు. మా జిల్లాలో శిబిరం ముట్టుకుంటే ఊరుకోం అన్నారు. మూడేళ్ల కిందటి భయం ఏమైపోయిందో!

అలాగని అదంతా వనభోజనం కాదు. ఇంటిబెంగతో, అధికారి గద్దింపులు పడలేక, చలికి తట్టుకోలేక చెప్పకుండా వెళ్లిపోయినవాళ్లు తక్కువేం లేరు. 1937 ఆగస్టులో వయోమింగ్‌లో బ్లాక్‌వాటర్ కార్చిచ్చు ఒక్కసారిగా గాలి మారి కొండ వాలు మీద మనుషులను చుట్టేసింది. చనిపోయిన 15 మందిలో ఎక్కువమంది సీసీసీ కుర్రాళ్లు. ఆ మధ్యాహ్నం కూడా వాళ్ల రేటు డాలరే.

చేసిన పని కళ్ల ముందుంది. తొమ్మిదేళ్లలో సుమారు 30 లక్షల మంది పనిచేశారు. నాటిన చెట్లు దాదాపు 300 కోట్లు. 1,25,000 మైళ్ల అడవి రోడ్లు, మంటలను కనిపెట్టే 3,000కు పైగా కావలి గోపురాలు, వందల కొద్దీ ఉద్యానవనాలు. రాత్రి పాఠశాలల్లో 40,000 మందికి పైగా అక్షరాలు దిద్దుకున్నారు. అంటే కొన్నాళ్లయ్యాక జీతం పట్టీలో వేలిముద్ర బదులు సంతకం పెట్టారు. 1935లో ఒక దశలో ఐదు లక్షల మంది ఏకకాలంలో శిబిరాల్లో ఉన్నారు.

మరి డాలరు న్యాయమైనదా? కమిటీలు తేల్చలేకపోయిన ఈ ప్రశ్నకు బజారే జవాబు చెప్పింది. 1933లో దారి పక్క మంట దగ్గర కూర్చున్నవాడికి 30 డాలర్లు వరం. బయట పనే లేనప్పుడు ఏ అంకె అయినా పెద్దదే. 1940 వచ్చింది. ఐరోపాలో యుద్ధం ముదిరింది. విమానాల ఫ్యాక్టరీలు, ఓడల రేవులు మనుషుల కోసం వెతకడం మొదలుపెట్టాయి. ఉద్యోగం దొరికితే శిబిరం వదిలి వెళ్లడానికి నిబంధనలు ఒప్పుకునేవి. కుర్రాళ్లు ఒక్కొక్కరే సంచి సర్దారు. పోనీయకుండా ఆపడానికి లెక్క కొంచెం మార్చారు: 1941 నుంచి చేతికి 8 డాలర్లు, ఇంటికి 15, ఒప్పందం ముగిశాక ఇచ్చేలా 7 దాచిపెట్టడం. కూడితే మళ్లీ 30. తొమ్మిదేళ్లలో ఆ మొత్తం మీద ఒక్క సెంటు పెరగలేదు. 1941 శరదృతువుకల్లా రెండు లక్షల మంది కూడా మిగల్లేదు.

ఫెక్నర్ దాన్ని చూడలేదు. 1939 డిసెంబరు 31న కన్నుమూశాడు. ఆయన కుర్చీలోకి వచ్చిన జేమ్స్ మెకెంటీ కూడా మెషినిస్టే. 1942 జూన్ నెలలో కాంగ్రెసు సిపాయి జీతాన్ని 50 డాలర్లకు పెంచింది. ఒకప్పుడు పదిహేడు డాలర్లతో కుర్రాళ్లకు వండిపెట్టిన సిపాయి! అదే నెల 30తో సీసీసీకి డబ్బు ఆపేసింది. అప్పటికి శిబిరాల బల్లల మీద ఉన్న పట్టీల్లో రేటు 30 డాలర్లే.

వచ్చే భాగంలో డెబ్బై ఏళ్లు దాటుతాం. 2014, ఆస్ట్రేలియా. టోనీ అబాట్ ప్రభుత్వం 17 నుంచి 24 ఏళ్ల యువతను చెట్లు నాటడానికి, కలుపు మొక్కలు పీకడానికి, వాగుల గట్లు బాగుచేయడానికి పిలిచింది. దళం పేరు గ్రీన్ ఆర్మీ. ఈసారి కనీస వేతనం చట్టంలో ఉంది, కార్మిక సంఘాలు కాచుకుని ఉన్నాయి. అయినా చేతికిచ్చింది కనీస వేతనం కంటే తక్కువ. అదెలా కుదిరింది? చట్టంలో ఒక చిన్న నిబంధన ఉంది: ఈ పని చేసేవాళ్లను కార్మికులుగా పరిగణించరాదు. ఆ నిబంధన మీద పార్లమెంటులో ఏం జరిగిందో, ఉపాధి హామీ కూలి మీద ఇలాంటి ప్రశ్నే 2009లో మన హైకోర్టు మెట్లెలా ఎక్కిందో వచ్చే వారం.